విసురు వలకు సీసపు గుండ్లు: ఇంటి దగ్గర పోసుకునే పద్ధతి

మా నాయిన వల విసిరితే గుండ్లన్నీ ఒక్కసారే నీళ్లను తాకేవి. చప్‌మని ఒకటే చప్పుడు. నేను విసిరితే టపటపమని ఒకదాని వెనక ఒకటి పడేవి. లోపం నా చేతిలో ఉందనుకుని చాలా ఏళ్లు అలాగే విసిరాను. ఒక ఎండాకాలం పాత వల విప్పి, కొట్లో కొన్న గుండ్లను ఒక్కొక్కటిగా తూకం వేస్తే అసలు సంగతి తెలిసింది. ఒకటి 9 గ్రాములు, పక్కది 20 గ్రాములు. బరువున్న వైపు అంచు ముందు దిగుతుంది, తేలికైన వైపు నీళ్లలో ఊగుతూ ఆలస్యంగా దిగుతుంది. ఆ రెండు మూడు సెకన్లలో రవ్వ చేప అంచు కింది నుంచి జారుకుంటుంది. బొచ్చె అయితే ఇంకా తొందరగా పోతుంది.

మాది దేవరకొండ దాటి నేరేడుగొమ్ము వైపు, సాగర్ బ్యాక్‌వాటర్ పక్కన ఊరు. నేను ఐటీఐలో ఫిట్టర్ చదివి, హైదరాబాదులో చాలాకాలం లేత్ పని చేసి ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు మా ఊరి వాళ్లకు, చుట్టుపక్కల తండాల వాళ్లకు వలలకు గుండ్లు పోసి ఇస్తున్నాను. అడిగిన ప్రతి ఒక్కరికీ నోటితో చెప్తూ వచ్చాను. చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరిచిపోతాను. సీసంతో పనిలో మరిచిపోయిన ఒక్క మాట చెయ్యి కాల్చేస్తుంది, పిల్లల ఒంట్లోకి విషం పంపుతుంది. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందు లెక్క. విసురు వలకు ఎంత సీసం కావాలో తెలియకుండా పొయ్యి ముట్టించొద్దు. తల దగ్గర నుంచి అంచు దాకా 9 అడుగులున్న వల తీసుకుందాం. అది పూర్తిగా విచ్చుకుంటే అంచు చుట్టుకొలత దాదాపు 56 అడుగుల ఆరంగుళాలు, అంటే సుమారు 1720 సెంటీమీటర్లు. ఐదేసి సెంటీమీటర్లకు ఒక గుండు కడితే 344 గుండ్లు. ఒక్కోటి 14 గ్రాములైతే మొత్తం 4.8 కిలోలు. బ్యాక్‌వాటర్ లాంటి లోతు నీళ్లకు ఈ బరువు సరిగ్గా ఉంటుంది. మోకాటి లోతు చెరువులో, చిన్న చేపలకు విసిరే వలకు ఇంత అక్కర్లేదు, 10 గ్రాముల గుండ్లు చాలు. బరువు పెంచితే వల తొందరగా దిగుతుంది, కానీ రోజుకు వందసార్లు విసిరే భుజం ఒకటి ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. మా నాయిన వల 4 కిలోలే.

కరిగిన సీసం మీద కట్టే తెట్టు కింద, అచ్చు పైనోటి గరాటులో మిగిలేదాని కింద కొంత పోతుంది కాబట్టి 4.8 కిలోల గుండ్లకు ఐదున్నర కిలోల సీసం సిద్ధం చేసుకోండి.

సీసం ఎక్కడి నుంచి తెస్తున్నారన్నదే ఈ పనిలో సగం మంచిచెడ్డలు తేలుస్తుంది. పాత సామాన్ల కొట్లో దొరికేవాటిలో నాకు నచ్చేది పాత టెలిఫోన్ కేబుళ్ల మీద ఉండే సీసపు తొడుగు, ఎక్స్‌రే గదుల గోడల నుంచి తీసిన సీసపు రేకు. రెండూ మెత్తటి సీసం. గోరుతో గీస్తే గీత పడుతుంది, చేత్తో వంచితే చప్పుడు లేకుండా వంగుతుంది, కొత్తగా కోసిన చోట వెండిలా మెరిసి కాసేపటికే బూడిద రంగుకు తిరుగుతుంది. బండ మీద వేస్తే 'దబ్' అంటుంది. 'టింగ్' అని మోగిందంటే అందులో ఇంకేదో కలిసింది.

టైర్ల షాపుల్లో వీల్ బ్యాలెన్సింగ్ తూకాలు దొరుకుతాయి. వాటిలో ఇప్పుడు సీసంతో పాటు జింకువి, ఇనుపవి కూడా కలిసి వస్తున్నాయి. జింకు సీసంలో కరిగితే ఆ కుండ మొత్తం ఉడికిన జావలా ముద్దముద్దగా మారి అచ్చులోకి దిగదు. దీనికి ఒక ఉపాయం ఉంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కు కరుగుతుంది, జింకు 419 దాటితే గానీ కరగదు. మంట అదుపులో ఉంచి 380 లోపలే కరిగిస్తే జింకు తూకాలు, ఇనుప క్లిప్పులు పైకి తేలి వస్తాయి, గరిటెతో తీసేయొచ్చు. మంట మీద అదుపు రాని కొత్తవాళ్లు మాత్రం ఈ తూకాల జోలికి వెళ్లొద్దు.

పాత ప్రింటింగ్ ప్రెస్సుల అచ్చు అక్షరాలు కూడా సీసమే, కానీ అందులో ఆంటిమొని, తగరం కలుపుతారు. అక్షరం అంచు పదునుగా రావాలి, వేల కాగితాలు అచ్చేసినా అరగకూడదు, అందుకు ఆ గట్టిదనం. మన గుండుకు ఆ గట్టిదనం పనికిరాదు. నీటి అడుగున బండకు కొట్టుకున్నప్పుడు మెత్తటి సీసం చొట్ట పడి ఊరుకుంటుంది, గట్టిది పగులుతుంది. ఒకసారి నాకు పాత సామాన్లలో ఒక పెట్టెడు తెలుగు అక్షరాలు దొరికాయి. గుణింతాలు, వత్తులు, 'క్ష' ఒక్కటే విడిగా ఒక చిన్న అరలో. వాటిని కరిగించడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పటికీ అటక మీద అలాగే ఉన్నాయి.

తుపాకి గుండ్ల సంగతి కూడా చాలామంది అడుగుతారు, అచ్చు చూస్తే అలాగే ఉంటుంది మరి. కొన్ని దేశాల్లో ఇంట్లో సీసం పోసి తూటాలు నింపుకునేవాళ్లున్నారు. వాళ్లకు గట్టి సీసం కావాలి, అందుకే ఆంటిమొని, తగరం కలుపుతారు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. నా అచ్చులో వల గుండ్లు తప్ప మరేదీ పోయను, పొయ్యమని అడిగినవాళ్లను వెనక్కి పంపిస్తాను.

ఇక బ్యాటరీల మాట. పాత లారీ, ట్రాక్టర్ బ్యాటరీ పగలగొడితే కిలోల కొద్దీ సీసం వస్తుంది, డబ్బు పెట్టక్కర్లేదు. అందుకే ఊళ్లలో ఎక్కువ మంది అదే చేస్తారు. చేతులు జోడించి చెప్తున్నాను, ఆ పని చేయొద్దు. ఆ పలకల్లో ఆమ్లం తడి ఉంటుంది, ఆంటిమొని, ఆర్సెనిక్ ఉంటాయి. పలకల మధ్య ఉండే ముద్ద సీసం కాదు, సీసపు ఉప్పు. అది కరగదు, పొడిగా లేచి గాలిలో కలుస్తుంది. పలకలను కరిగించి, మిగిలిన ఆ మట్టికి తర్వాత నీళ్లు తగిలితే ప్రాణం తీసే వాయువులు పుట్టే ప్రమాదం కూడా ఉంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీ లైసెన్సున్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి. కొత్తది కొన్న షాపులో ఇచ్చేస్తే ధరలో ఎంతో కొంత తగ్గిస్తారు కూడా.

అచ్చు గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే గుండ్లన్నీ ఒకే బరువుతో రావడానికి కారణం అదే. మా నాయిన దగ్గర అచ్చు లేదు. ఇనుప పలక మీద సీసాన్ని పలచగా పోసి, రేకులా ఆరాక కత్తెరతో బద్దలు కోసి, ఒక తీగకు చుట్టి సుత్తితో కొట్టేవాడు. ఆయన కంటి కొలత అంత గట్టిది. నాకు ఆ కన్ను లేదు, అందుకే అచ్చు చేయించుకున్నాను.

12 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల ఎత్తు, 150 మిల్లీమీటర్ల పొడవు ఉన్న రెండు ఇనుప పట్టీలు కావాలి. రెండింటినీ ముఖాముఖి ఆనించి, రెండు చివర్లా పిన్నులు దిగేలా రంధ్రాలు వేయించాలి. ఎన్నిసార్లు విప్పి బిగించినా అవి ఒకే చోట కూర్చోడానికి ఆ పిన్నులే ఆధారం. అప్పుడు రెండింటినీ కలిపి వైసులో బిగించి, సరిగ్గా అతుకు గీత మీద, పై నుంచి కిందికి 8.5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఆరు రంధ్రాలు, ఇరవయ్యేసి మిల్లీమీటర్ల ఎడంతో. విప్పితే ఒక్కో పట్టీలో ఆరు అరగొట్టాలు కనిపిస్తాయి. ప్రతి రంధ్రం పైనోరు పెద్ద బిట్టుతో గరాటులా విప్పాలి. సీసం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుంటుంది, ఆ లోటు పూడ్చే సీసం గరాటు నుంచే దిగాలి. గరాటు లేకపోతే గుండు తలలో గుంట పడుతుంది.

కింద 10 మిల్లీమీటర్ల మందం ఉన్న పీట. ఒక పట్టీని దానికి స్క్రూలతో బిగించి, రెండోది విడిగా ఉంచి సీ క్లాంపుతో నొక్కాలి. పీటలో, ప్రతి గొట్టం మధ్యన 3.2 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం. అందులో నిలబడే పుల్లే గుండులో తాడు దూరే దారి. పుల్లలకు నేను 3.15 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్డు వాడతాను. పైన ఉన్న పూత మొత్తం రాలగొట్టి, మూడంగుళాల ముక్కలు కోసి, ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, కింది కొనను వెంట్రుకవాసి సన్నం చేస్తాను. చల్లారే సీసం పుల్లను బిగపట్టుకుంటుంది. ఆ వెంట్రుకవాసి సన్నం లేకపోతే ఆరు పుల్లలూ ఇరుక్కుని, ఆ పూట అచ్చు మొత్తం ఆగిపోతుంది. ఈ కొలతల్లో గుండు 14 గ్రాములకు అటూ ఇటూగా వస్తుంది. లేత్ షాపులో ఈ రాతను చూపిస్తే చాలు, చేసి ఇస్తారు.

పోసే చోటు ఆరుబయటే ఉండాలి. ఇంటికి దూరంగా, బావికీ బోరుకూ దూరంగా, కోళ్లు తిరగని చోట. కింద సిమెంటు గచ్చు ఉంటే దాని మీద నేరుగా పెట్టొద్దు. వేడి సీసం ఒలికితే గచ్చులోని తేమ ఆవిరై పెచ్చులు ఎగురుతాయి. షాబాదు బండలూ అంతే. మూడు అంగుళాల మందాన ఇసుక పరవండి, అదీ ముందు రోజు పెనం మీద వేయించి చల్లార్చిన ఇసుక. వాగు నుంచి తెచ్చిన ఇసుక పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా కూర్చోండి. మబ్బు పట్టిన రోజు, వాన వాసన వచ్చిన రోజు పొయ్యి ముట్టించొద్దు. మన నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం అసలే వద్దు. నుదుటి చెమట చుక్క మూకుడులో పడినా ప్రమాదమే. నేను తెల్లారకముందే అన్నీ సర్దుకుని, ఎండ ఎక్కేసరికి ముగిస్తాను. నుదుటికి తువ్వాలు బిగించి కడతాను.

మందపాటి ఇనుప మూకుడు, పొడుగు పిడి ఉన్న ఇనుప గరిటె, పట్టకారు. అల్యూమినియం గిన్నె వాడొద్దు, వేడికి మెత్తబడి అడుగు జారుతుంది. జింకు పూత ఉన్న బకెట్టు ముక్కలూ వద్దు. ఒకసారి సీసం తగిలిన మూకుడు మళ్లీ వంటకు రాదు. నా దానికి బయట ఎర్ర పెయింటు పట్టీ వేశాను, ఇంట్లో ఆడవాళ్లు పొరపాటున కూడా ముట్టకూడదని. ఒంటి మీద నూలు బట్టలు, నిండు చేతుల చొక్కా, తోలు గ్లౌజులు, బూట్లు. ప్యాంటు బూట్ల పైకి వేలాడాలి, లోపలికి దోపితే కారిన సీసం నేరుగా బూటులోకి పోతుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోకుండా మూకుడు దగ్గరికి ఒక్క అడుగు కూడా వేయొద్దు.

సీసం ముక్కలన్నీ చల్లటి ఖాళీ మూకుడులో పెట్టి, ఆ తర్వాతే కింద మంట పెట్టండి. తుమ్మ బొగ్గుల కుంపటి నిలకడగా కాలుతుంది, గ్యాస్ బర్నర్ అయితే అదుపు ఇంకా తేలిక. ముక్కలు అడుగు నుంచి కరుగుతూ, కూలుతూ, ఒకేసారి మడుగులా మారతాయి. పైన బూడిద రంగు తెట్టు కడుతుంది. అప్పుడు గోరంత కొవ్వొత్తి ముక్క వేసి గరిటెతో అడుగు నుంచి కలపండి. పొగ వస్తుంది, ఒక్కోసారి భగ్గుమని మంట అంటుకుంటుంది, మొహం వెనక్కి పెట్టుకోండి. మైనం పని ఏమిటంటే, తెట్టులో చిక్కుకున్న మంచి సీసాన్ని మళ్లీ కిందికి దింపి, మట్టిని మాత్రం పొడిలా పైకి వదులుతుంది. ఆ పొడిని తీసి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి. కింద అద్దంలా మొహం కనిపిస్తుంది.

వేడి కొలవడానికి డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోవడం మంచిది. 360 నుంచి 390 డిగ్రీల మధ్య ఉంచితే సరిపోతుంది. అది లేని రోజుల్లో నేను ఎండిన పుల్లతో చూసేవాడిని. పుల్ల ముంచి తీస్తే గోధుమ రంగుకు మాడాలి, మంట అంటుకోకూడదు. తెట్టు తీసిన మడుగు మీద నెమలికంఠం రంగులు, నీలం, ఊదా పరుగులు తీస్తుంటే వేడి ఎక్కువైనట్టు, మంట తగ్గించాలి. చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి ఆ రంగులు. కానీ వేడి పెరిగే కొద్దీ కంటికి కనిపించని సీసపు పొగ కూడా పెరుగుతుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే అది ఆగదు.

ఈలోపు అచ్చును కుంపటి పక్కన పెట్టి వేడెక్కించండి, గరిటెను కూడా. గొట్టాల లోపలా, పుల్లల మీదా కొవ్వొత్తి మసి పట్టించండి. మసి పొర ఉంటే సీసం అంటుకోదు, మూలల్లోకి చక్కగా పారుతుంది.

పోసేటప్పుడు చెయ్యి ఆగకూడదు. గరిటెను గరాటుకు దగ్గరగా ఉంచి, సన్నటి ధారగా, ఒక్క గొట్టం పూర్తిగా నిండి గరాటులో చిన్న బొట్టు నిలిచేదాకా పోసి, పక్కదానికి జరగాలి. మెరుస్తున్న బొట్టు ఒక్కసారిగా మసకబారుతుంది చూడండి, అది గడ్డకట్టిన గుర్తు. ఇంకో అరనిమిషం ఆగి, కటింగ్ ప్లేరుతో పుల్లను పట్టి ముందు కొద్దిగా తిప్పి, ఆ తర్వాత పైకి లాగండి. ఆరు పుల్లలూ వచ్చాక క్లాంపు వదులు చేసి, కొయ్య సుత్తితో పట్టీని మెల్లగా తట్టితే గుండ్లు ఇసుక మీద రాలుతాయి. తొందరగా చల్లార్చాలని పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకునేవాళ్లను చూశాను. ఆ బకెట్టు అక్కడ ఉండనే కూడదు.

మొదటి రెండు మూడు వాయిలు మంచివి రావు, పక్కన పెట్టి చివర్లో కరిగించుకోండి. ఆ తర్వాత గుండు మొహం చూస్తే దాని కథ తెలుస్తుంది. ముసలివాళ్ల చేతి చర్మంలా ముడతలు పడి ఉంటే అచ్చో, సీసమో చల్లగా ఉంది. ఉప్పు చల్లినట్టు తెల్లగా గరుకుగా ఉంటే వేడి ఎక్కువైంది, అలాంటివి వాడుకోవచ్చు గానీ అచ్చుకు నిమిషం విరామం ఇవ్వండి. ఒక పక్క గుంట ఉంటే గాలి చిక్కుకుంది, అతుకు మీద ఆకురాయితో సన్న గీతలు గీస్తే ఆ దారిన గాలి పోతుంది. చుట్టూ రెక్కలా రేకు వస్తే క్లాంపు వదులుగా ఉంది, లేదా అతుకులో మసి పెచ్చు ఇరుక్కుంది.

ఇప్పుడు నా చేతి మచ్చ సంగతి రాయాలి. అచ్చు చేయించుకున్న రెండో ఏడు. పాత వల నుంచి విప్పిన గుండ్లు నెల రోజులు నీడలో ఆరి ఉన్నాయి. నిండు మూకుడు కరిగి ఉంది. ఇంకో నాలుగు గుండ్లు పోయొచ్చులే అని ఒక పాత గుండును పట్టకారుతో పట్టి అందులో వదిలాను. అది మునిగింది. నేను ఒక ఊపిరి పీల్చి ఉంటాను, అంతే. తుపాకి పేలినట్టు శబ్దం వచ్చింది, మూకుడులో సగం సీసం లేచి నా మీద పడింది. ఆ గుండు రంధ్రంలో సాగర్ అడుగు బురద గట్టిగా కూరుకుని ఉంది, దాని లోపల చెమ్మ ఆరలేదు. నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు పెరుగుతుంది. సీసం అడుగున ఆ ఆవిరికి పైకి తప్ప వేరే దారి లేదు. ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్లంత మూడు చోట్ల చర్మం కాలింది. కళ్లద్దాలు తీసి చూస్తే కుడి అద్దం మీద రెండు సీసపు చుక్కలు అతుక్కుని ఉన్నాయి. సరిగ్గా నల్లగుడ్డుకు ఎదురుగా.

అప్పటి నుంచి పాత గుండ్లను ఉలితో రెండుగా చీల్చి, లోపలి మట్టి గీకి, ఎండబెట్టి, ఖాళీ మూకుడులో మొదటి నుంచే వేస్తాను. కరిగిన సీసంలో ఏ ముక్కనూ వదలను. తక్కువ పడితే ఆ రోజుకు తక్కువే. ఒకవేళ మీకు కాలితే, చల్లటి పారే నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి, చర్మానికి అంటుకున్న సీసాన్ని లాగొద్దు, పేస్టులు, సిరా, పసుపు పూయొద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

ఆరిన గుండ్లకు తలమీది బొట్టు కోయాలి. ఆకురాయితో రుద్దొద్దు, గ్రైండర్ అసలే వద్దు, సీసం పొడి గాలిలో లేస్తుంది. మెత్తటి సీసం కత్తికే తెగుతుంది. కోసిన తునకలను లెక్కగా డబ్బాలో వేయండి. తర్వాత 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టును చేత్తో పట్టుకుని రంధ్రం రెండు నోళ్లలోనూ రెండు చుట్లు తిప్పండి. పదునైన అంచు పోతుంది. ఈ ఒక్క పని మానేస్తే నైలాన్ తాడు ఒక సీజనులోనే రాపిడికి తెగుతుంది, గుండ్లు వరసగా నీళ్లపాలవుతాయి. తూకం వేసి 13, 15 గ్రాములవి దొరికితే పారేయక్కర్లేదు, వాటిని అంచు చుట్టూ సమానంగా చెదరగొట్టి కట్టాలి, ఒకేచోట చేర్చకూడదు.

కట్టేటప్పుడు ఒక మాట. మా నాయిన, ఆయన ఈడువాళ్లంతా రేకు గుండ్లను తాడు మీద పెట్టి పళ్లతో కొరికి నొక్కేవాళ్లు. నోట్లో నాలుగు గుండ్లు పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కట్టేవాళ్లు. సీసం రుచికీ వాసనకూ ఏమీ తెలియదు, ఒంట్లో చేరి ఎముకల్లో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గడం, చిగుళ్ల అంచున నీలపు గీత దాని లక్షణాలు. పెద్దవాళ్లకంటే చిన్నపిల్లల ఒళ్లు మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దెబ్బ పడేది ఎదిగే మెదడు మీద. ఇంత వరకు పర్వాలేదు అనే కొలత సీసానికి లేదు. మా ఇంట్లో మా చిన్నప్పుడు అష్టాచెమ్మ ఆడటానికి మేం వాడిన కాయలు నాయిన గుండ్లే. ఇప్పుడు మా ఇంట్లో గుండ్ల డబ్బాకు తాళం ఉంటుంది, ఆటకు చింతగింజలు ఉన్నాయి.

పోసే పనిలో బీడీ, టీ, తిండి ఏవీ వద్దు. అయిపోయాక చోటును చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డతో ఎత్తండి, అదీ మూకుడు పూర్తిగా చల్లారాకే. ఆ గుడ్డ, తెట్టు, తునకలు అన్నీ మూత డబ్బాలోకి. నేను తెట్టు డబ్బా నిండాక సీసం రీసైకిల్ చేసేవాళ్లకు ఇచ్చేస్తాను. చెరువు గట్టున, చెలకలో పారబోస్తే అది ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. చేతులు, మొహం సబ్బుతో కడిగి, బట్టలు బయటే మార్చుకుని, వాటిని ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా ఉతకండి. నెలకు రెండుమూడు సార్లు పోసేవాళ్లు ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే అది ఎక్కడి నుంచి వస్తుందో వెతకాలి. గర్భిణులు ఈ పని దరిదాపుల్లో కూడా ఉండకూడదు.

నీళ్లలో పోయే గుండ్ల గురించి కూడా ఆలోచించాలి. ఎండాకాలం సాగర్ నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బండల సందుల్లో తెగిపోయిన వలలు, గుండ్లు బయటపడతాయి. నీటిపక్షులు గులకరాళ్లనుకుని వాటిని మింగితే చచ్చిపోతాయి. ఇంగ్లాండులో హంసలు అలా చనిపోతుంటే 1987లో 28 గ్రాముల లోపు సీసపు గాలపు తూకాలను నిషేధించారు. మన గుండు ఆ కొలతలోనే పడుతుంది. అందుకే నిలిపి ఉంచే వలలకు నేను సీసం మానేశాను. కుమ్మరి దగ్గర కాల్చిన మట్టి గుండ్లు చేయించి కడుతున్నాను. మట్టి నీళ్లలో సగం బరువు కోల్పోతుంది, సీసం తొమ్మిదో వంతు కూడా కోల్పోదు. 4.8 కిలోల సీసం చేసే పనికి మట్టి అయితే దాదాపు 9 కిలోలు కావాలి. నిలిపే వలకు అది ఇబ్బంది కాదు, ఒకసారి దింపితే చాలు. విసిరే వలకు 9 కిలోలు ఏ భుజమూ మోయలేదు. ఇనుము అయితే 5 కిలోలు సరిపోతుంది, కానీ తుప్పు తాడును తినేస్తుంది. స్టీలు గొట్టం ముక్కలతో ఒక వల కట్టి చూస్తున్నాను, రెండు సీజన్లు వాడాక గానీ దాని మాట చెప్పలేను.

గుండ్లు కట్టడం పూర్తయ్యాక వలను ముందు నేల మీద గుండ్రంగా పరచి, చుట్టూ నడిచి, గుండుకూ గుండుకూ మధ్య ఐదు సెంటీమీటర్ల పుల్ల పెట్టి చూడండి. ఎడం తప్పిన చోట ముడి విప్పి మళ్లీ కట్టండి, సోమరితనం చూపొద్దు. తర్వాత నడుం లోతు నీళ్లలో, అడుగున బండలు లేని చోట, పక్కన ఒక మనిషిని నిలబెట్టి విసరండి. కళ్లతో చూడొద్దు, చెవితో వినండి. చప్పుడు విడివిడిగా వస్తే ఏ వైపు ముందు పడిందో పక్క మనిషి చెప్తాడు, ఆ వైపు నాలుగు గుండ్లు తీసి ఎదురు వైపుకు మార్చండి. నా కొత్త వలకు అలా మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. నాలుగోసారి విసిరినప్పుడు గట్టు మీద కూర్చున్న మా అమ్మ తలెత్తి చూసి, "మీ నాయిన విసిరినట్టే ఉన్నది బిడ్డా" అన్నది.